గురుమా, ఇది సరేనా?

ప్రశ్న: నేను గజపతి జిల్లాలో, కాశీనగర్ దగ్గరి ఒక ఒడియా మాధ్యమం పాఠశాలలో ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. ఎనిమిదో తరగతికి గణితం, సామాన్యశాస్త్రం చెబుతాను. తరగతిలో 42 మంది. సగానికి పైగా పిల్లల ఇళ్లలో తెలుగు, కొందరి ఇళ్లలో ఒడియా, ఏడెనిమిది మంది కొండల నుంచి వచ్చే సవర పిల్లలు. అందరూ కష్టపడే పిల్లలే. కానీ ప్రతి లెక్కకూ, ప్రతి జవాబుకూ నోటు పుస్తకం పట్టుకొని నా బల్ల దగ్గర వరుస కడతారు. "గురుమా, ఠిక్ అఛి?" "గురుమా, ఇది సరేనా?" నేను టిక్కు పెడితే గాని తరువాతి లెక్క మొదలుపెట్టరు. ఈ మధ్య ఒక శిక్షణలో, పిల్లలు తమ పనిని తామే మదింపు చేసుకోవాలని, ఒకరిది ఒకరు చూసి చెప్పుకోవాలని, అప్పుడే సొంతంగా చదవడం అలవడుతుందని చెప్పారు. నాకు నచ్చింది. తిరిగి వచ్చిన వారమే మొదలుపెట్టాను. ఎవరి జవాబుకు వారే పదికి మార్కులు వేసుకోమంటే 29 మంది పదికి పది వేసుకున్నారు. పుస్తకాలు మార్చుకొని దిద్దమంటే స్నేహితులకు తొమ్మిదులు, పదులు. పడనివాళ్లకు రెండు, మూడు. ఒక సవర అమ్మాయి పుస్తకంలో పక్క బెంచీ అబ్బాయి ఎర్ర పెన్నుతో పేజీ అంతటికీ అడ్డంగా గీత కొట్టి ఒకటి వేశాడు. ఆ పిల్ల ఆ రోజంతా తల ఎత్తలేదు. మరునాడు బడికి రాలేదు. ఇప్పుడు వస్తోంది గాని నాతో మాట్లాడడం లేదు. "ఇవి మన పిల్లలతో అయ్యే పనులు కావు" అంటున్నారు తోటి ఉపాధ్యాయులు. నిజమేనా? మానేయమంటారా?

— ఒక ఉపాధ్యాయురాలు, గజపతి జిల్లా

సమాధానం:

అమ్మా,

మానేయకండి. మార్కులు వేయించడం మాత్రం రేపటి నుంచే ఆపేయండి. మీ తరగతిలో జరిగిన నష్టమంతా ఆ అంకె దగ్గర మొదలైంది.

ముందు ఆ అమ్మాయి సంగతి చూడండి. మిగతాదంతా వారం ఆగవచ్చు, ఇది ఆగదు. తరగతి ముందుకు పిలిచి ఓదార్చకండి. ఆ అబ్బాయి చేత అందరి ఎదుట క్షమాపణ చెప్పించకండి. ఏది చేసినా ఆ పిల్లను మళ్లీ నలుగురి కళ్ల ముందు నిలబెట్టినట్టే అవుతుంది. మధ్యాహ్న భోజనం అయ్యాక పుస్తకం తెమ్మని, పక్కన కూర్చోబెట్టుకొని, "ఆ రోజు ఎలా చూడాలో చెప్పకుండానే మీకు దిద్దే పని అప్పజెప్పాను, తప్పు నాది" అని చెప్పండి. ఆ తరువాత గీత కొట్టిన ఆ పేజీలోనే సరిగా చేసిన వరుస ఒకటి వెతకండి. ఉంటుంది. దాని కింద వేలు పెట్టి, "ఇక్కడిదాకా నీ ఆలోచన నాకు అర్థమైంది, ఇక్కడినుంచి ఎటు వెళ్లిందో ఇద్దరం చూద్దాం" అనండి. ఆ అబ్బాయితో విడిగా మాట్లాడండి. అతను చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. ఎర్ర పెన్ను చేతికి వస్తే ఏం చేయాలో ఇన్నేళ్లూ పెద్దవాళ్ల దగ్గర చూశాడు, చూసిందే చేశాడు.

ఇక మీ బల్ల దగ్గరి వరుస. ఆ వరుసను చూసి నేనూ చాలా ఏళ్లు మురిసిపోయాను. గుణుపురం, పర్లాకిమిడి వైపు బళ్లలో 31 ఏళ్లు పాఠం చెప్పాను. పిల్లలు నా చుట్టూ మూగితే నేను మంచి టీచరునని అనుకునేదాన్ని. 2011 ఫిబ్రవరిలో జనగణన పని పడింది. దాదాపు మూడు వారాలు బడికి సరిగా వెళ్లలేకపోయాను. వెళ్లే ముందు ఏడో తరగతికి రోజుకు ఐదు లెక్కల చొప్పున రాసిచ్చి, చేసి ఉంచమన్నాను. తిరిగి వచ్చి పుస్తకాలు తెరిచి చూస్తే, ప్రతి రోజు తేదీ కిందా మొదటి లెక్క ఒక్కటే ఉంది. దాని కింద తెల్ల కాగితం. అల్లరి పిల్లల పుస్తకాలే కాదు, తరగతిలో మొదటి వరుసలో ఉండే అమ్మాయిల పుస్తకాలు కూడా అలాగే ఉన్నాయి. ఎందుకమ్మా అని అడిగితే ఒక పిల్ల చాలా సహజంగా చెప్పింది: "మొదటిది సరో కాదో ఎవరూ చెప్పలేదు గురుమా." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లెక్కలు నేర్పాననుకున్నాను, నేను పక్కన లేకపోతే పెన్సిలు కదలని అలవాటు కూడా నేర్పానని ఆ రోజు తెలిసింది.

మీ 29 మందిని కూడా ఆ కోణం నుంచే చూడమని అడుగుతున్నాను. పదికి పది వేసుకోవడం అబద్ధం కాదు, ఆశ కూడా కాదు. తమ జవాబులో ఏం తక్కువైందో చూడడానికి కావలసిన కొలత వాళ్ల దగ్గర లేదు, అంతే. 1999లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్రూగర్, డన్నింగ్ అనే ఇద్దరు పరిశోధకులు తర్కం, వ్యాకరణం లాంటి విషయాల్లో విద్యార్థులకు పరీక్షలు పెట్టి, ఎలా రాశామని అనుకుంటున్నారో వారినే అంచనా వేయమన్నారు. అందరికంటే తక్కువ మార్కులు వచ్చినవారే తమను అసలు స్థాయికి మించి చాలా పైన అంచనా వేసుకున్నారు. ఆ పరిశోధనలో నాకు ముఖ్యమనిపించిన సంగతి ఇంకొకటి ఉంది. తర్కంలో కొద్దిపాటి శిక్షణ ఇచ్చాక, అలా పొరబడినవారి అంచనాలు నిజానికి దగ్గరయ్యాయి. వాళ్లందరూ కళాశాల విద్యార్థులు, మనవాళ్లు పదమూడేళ్ల పిల్లలు. తన పనిలోని లోపం కనపడాలంటే ఆ పని గురించి కొంత తెలిసి ఉండాలి. మనం దిద్దమన్నాం గాని ఆ కొంత ఇవ్వలేదు.

సంక్రాంతి ముగ్గులు గుర్తు తెచ్చుకోండి. పర్లాకిమిడిలో మా వీధిలో ఒక ఇంట తెలుగు, పక్కింట ఒడియా. పదిహేను చుక్కల నుంచి ఎనిమిది వచ్చే వరకు సందు చుక్క పెట్టి, పన్నెండేళ్ల పిల్ల వంగి గీతలు కలుపుతుంటే, పక్కింటి పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకొని చూస్తూ, "అదిగో, మూడో వరుసలో చుక్క వదిలేశావు" అంటుంది. ముగ్గు వేసే పిల్ల చిన్నబుచ్చుకోదు. వెనక్కి వెళ్లి, వేలితో తుడిచి, కలుపుతుంది. మార్గశిరంలో లక్ష్మీపూజ చేసే మాణబసా గురువారాలకు ఆ ఒడియా ఇంటి ముందు బియ్యప్పిండి నీళ్లతో ఝోటి వేసేటప్పుడు మాట చెప్పేది మన పిల్ల, దిద్దుకునేది వాళ్ల పిల్ల. ఇద్దరిలో ఎవరూ ఎవరికీ మార్కులు వేయరు. చుక్కలన్నీ గీతల్లో పడాలి, గీత ఎక్కడా తెగకూడదు, అటూ ఇటూ ఒకేలా ఉండాలి అని ఇద్దరికీ ముందే తెలుసు. అందుకే చూసే పిల్ల మాట ముగ్గు మీదే ఉంటుంది, వేసే పిల్ల మీదకు పోదు. చెప్పిన వెంటనే తుడిచి మళ్లీ వేసుకునే వీలూ ఉంది.

ఇదే మాటను 1989లో ఆస్ట్రేలియాకు చెందిన రాయిస్ శాడ్లర్ అనే విద్యావేత్త శాస్త్రీయంగా చెప్పారు. విద్యార్థి తన పనిని తాను మెరుగుపరుచుకోవాలంటే, మంచి పని ఎలా ఉంటుందో తెలియాలి, తన పనిని దానితో పోల్చి చూడగలగాలి, రెండింటి మధ్య ఉన్న దూరాన్ని తగ్గించడానికి ఏదో ఒకటి చేయాలి. మొదటిది సాధారణంగా టీచరు తలలోనే ఉండిపోతుంది. మీ తరగతిలోనూ అదే జరిగింది. రెండోది చేయమన్నారు గాని మొదటిది వాళ్లకు చేరలేదు. మూడోదానికి సమయమే లేదు, ఎందుకంటే మార్కు పడగానే పుస్తకం మూతపడింది.

కాబట్టి పిల్లలకు ముందు రెండు జవాబులు చూపించండి. మీ పిల్లలవి కావు. పాత ఏళ్లవి, పేర్లు తీసేసి, లేదా మీరే రాసి. నేను ఎలా చేశానో ఒక రోజు సంగతి చెబుతాను. ప్రశ్న: ఇనుముకు తుప్పు ఎందుకు పడుతుంది? జవాబులు ఒడియాలో ఉండేవి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మొదటిది గుండ్రటి అక్షరాలతో, ఐదు వరుసలు: "తుప్పు ఇనుప వస్తువులకు పడుతుంది. తుప్పు ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. తుప్పు పట్టిన వస్తువులు పాడైపోతాయి. వర్షాకాలంలో తుప్పు ఎక్కువ. తుప్పు పట్టకుండా జాగ్రత్త పడాలి." రెండోది కోడి గీకినట్టున్న రాతలో, రెండే వరుసలు: "ఇనుముకు గాలి, నీరు రెండూ తగిలితే తుప్పు పడుతుంది. మా సైకిలు గొలుసుకు నూనె వేస్తాం, దానికి పట్టలేదు, స్పోకులకు పట్టింది."

ఏది మంచి జవాబని అడిగాను. దాదాపు అందరూ మొదటిదే అన్నారు. పొడుగ్గా ఉంది, రాత బాగుంది. నేను కాదనలేదు. ప్రశ్నను ఇంకోసారి గట్టిగా చదవమన్నాను. "ఎందుకు" అనే మాట దగ్గర ఆపి, ఆ ఎందుకుకు జవాబు ఏ కాగితంలో ఉందో వేలు పెట్టి చూపించమన్నాను. నిశ్శబ్దం. రెండు నిమిషాల తరువాత వెనక బెంచీలోంచి ఒకరు, "మొదటిదాంట్లో ఎందుకు లేనే లేదు" అన్నారు. ఇంకొకరు లేచి, "రెండోదాంట్లో ఉంది, కానీ నూనె వేస్తే ఎందుకు పట్టదో రాయలేదు" అన్నారు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు పులకరించింది. మంచి జవాబులో కూడా ఇంకా ఏం కావాలో ఆ పిల్లవాడికి కనిపించింది, నేను చూపించకుండానే. అప్పుడు నల్లబల్ల మీద పిల్లల మాటల్లోనే రాశాం: ఎందుకో చెప్పానా? మన కళ్ల ముందున్న ఉదాహరణ ఇచ్చానా? ఆ ఉదాహరణ ఎందుకు సరిపోతుందో చెప్పానా? ఈ మూడు ప్రశ్నలు ఆ ఏడాదంతా గోడ మీద ఉన్నాయి. శిక్షణల్లో ఇచ్చే పెద్ద పట్టికలు నేనూ తెచ్చి అంటించాను. పిల్లలు వాటివైపు తల కూడా తిప్పలేదు. తాము పలికిన మాట గోడ మీద ఉంటేనే అటు చూశారు.

గణితంలో ఇంకా సులువు, ఎందుకంటే లెక్కే తన తప్పును తాను చెబుతుంది. ఎనిమిదో తరగతిలో ఇలాంటి లెక్క ఉంటుంది: ఒక సంఖ్యలోంచి 4 తీసేసి మూడింతలు చేస్తే, ఆ సంఖ్య రెండింతలకు 5 కలిపినంత వచ్చింది. ఆ సంఖ్య ఎంత? చాలామందికి 9 వస్తుంది. కుండలీకరణం విప్పేటప్పుడు సంఖ్యను మూడింతలు చేసి, నాలుగును మాత్రం అలాగే వదిలేస్తారు. 9 తెచ్చిన పిల్ల మీ బల్ల దగ్గరికి వస్తే తప్పు అనకండి, ఒప్పు అనకండి. "నీ 9ని తీసుకెళ్లి లెక్కలో పెట్టు" అనండి. తొమ్మిదిలోంచి 4 తీస్తే 5, మూడింతలు 15. ఆ వైపు రెండు తొమ్మిదులు 18, ఐదు కలిపితే 23. పదిహేనూ ఇరవై మూడూ ఒకటి కాదని ఆ పిల్లే చెబుతుంది, వెనక్కి వెళ్తుంది, ఎక్కడ జారిందో వెతుక్కుంటుంది. 17 పెట్టి చూస్తే రెండు వైపులా 39 వస్తుంది. అప్పుడు ఆ ముఖం చూడండి. రెండు వారాల పాటు గణితం తరగతిలో ఒకే నియమం పెట్టండి: జవాబును లెక్కలో పెట్టి చూసి, ఆ చూసిన వరుస కింద రాస్తేనే గురుమా దగ్గరికి రావాలి. సగం వరుస అక్కడే తగ్గిపోతుంది.

చదువుకునే పాఠాల విషయంలో మరో అలవాటు చేయించండి. పాఠం నాలుగుసార్లు చదివిన పిల్లకు అంతా వచ్చినట్టే ఉంటుంది. పుస్తకం మూసి, గుర్తున్నది రాసి, తెరిచి పోల్చుకుంటే గాని అసలు సంగతి తెలియదు. 2006లో రోడిగర్, కార్పిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తరువాత మాత్రం, చదివి పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవారికే ఎక్కువ గుర్తుంది. తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా ఉన్నది మళ్లీ మళ్లీ చదివినవారే. మూసిన పుస్తకం ముందు పిల్లవాడు తన గురించి తాను నిజం తెలుసుకుంటాడు, ఇంకొకరి ఎదుట చిన్నబోకుండా.

ఇప్పుడు పిల్లలు ఒకరిది ఒకరు చూడడం. చాలా జాగ్రత్తగా చేయవలసింది ఇదే, మీకు దెబ్బ తగిలింది కూడా ఇక్కడే. న్యూజీలాండ్‌కు చెందిన గ్రాహం నథాల్ అనే పరిశోధకుడు తరగతి గదుల్లో పిల్లలకు చిన్న మైకులు తగిలించి, వాళ్లలో వాళ్లు ఏం మాట్లాడుకుంటారో ఏళ్ల తరబడి విన్నారు. పిల్లలకు తమ పని మీద వచ్చే మాటల్లో నూటికి 80 దాకా తోటి పిల్లల నుంచే వస్తున్నాయని, వాటిలో ఎక్కువ భాగం తప్పు మాటలేనని ఆయన తేల్చారు. ఇది చదివి భయపడనక్కర లేదు. మీరు చెప్పినా చెప్పకపోయినా పక్క బెంచీ సలహా నడుస్తూనే ఉంటుంది. దాన్ని బాగు చేయడం ఒక్కటే మన చేతిలో ఉంది.

నేను పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది, అదొక్కటీ మీరు తప్పకుండా తీసుకోండి: చూసేవారి చేతిలో పెన్ను ఉండకూడదు. పెన్సిలు కూడా వద్దు. ఖాళీ చేతులతో కూర్చొని, స్నేహితురాలి జవాబును బయటికి చదవాలి. అర్థమైన చోట "ఇది తెలిసింది" అనాలి. ఆగిపోయిన చోట వేలు పెట్టి, "ఇక్కడ ఆగిపోయాను, ఎందుకంటే..." అని కారణం చెప్పాలి. ఆ కారణం గోడ మీదున్న మూడు ప్రశ్నల్లోంచే రావాలి. రాతను గురించి, మనిషిని గురించి మాట ఉండకూడదు. పుస్తకం ఎవరిదో దిద్దుకునే చెయ్యి వాళ్లదే. మీ పీరియడు నలభై నిమిషాలైతే చివరి పది నిమిషాలు దీనికే ఉంచండి: చూసి చెప్పడానికి నాలుగు, సరిచేసుకోవడానికి ఆరు. ఆ ఆరు నిమిషాలు ఇవ్వలేని రోజున చూసి చెప్పే పని పెట్టకండి. సరిచేసుకునే వీలు లేకుండా లోపం ఒక్కటే చెబితే పిల్ల మనసులో మిగిలేది ఆ లోపమే.

మొదటి రెండు మూడుసార్లు ఇద్దరు పిల్లలను ముందుకు పిలవకండి. మీ జవాబును మీరే నల్లబల్ల మీద రాయండి, కావాలనే ఒక లోపం పెట్టండి, తరగతి చేత మీకు చెప్పించండి. "ఏమీ రాలేదు మీకు" అని ఒకరు నవ్వుతారు. అప్పుడు, "ఆ మాటతో నేను ఏం సరిచేసుకోవాలో తెలియలేదు, ఎక్కడో చూపించు" అనండి. నొప్పించే మాటకు, పనికొచ్చే మాటకు తేడా అక్కడ తెలుస్తుంది, దెబ్బ మీకు తగిలింది కాబట్టి ఎవరూ ఏడవరు. జతలు కట్టేటప్పుడు బాగా చదివే పిల్లను, వెనకబడిన పిల్లను ఎప్పుడూ కలిపి కూర్చోబెట్టకండి. ఒకరు టీచరవుతారు, రెండోవారు మళ్లీ అదే వరుసలో నిలబడతారు, ఈసారి స్నేహితురాలి బల్ల దగ్గర. దగ్గర దగ్గర స్థాయి ఉన్నవారిని కలపండి, రెండు వారాలకొకసారి మార్చండి. ఇద్దరూ కలిసి ఒకే తప్పు చేసి ఒప్పనుకునే రోజులు వస్తాయి. అలాంటప్పుడు బెంచీల మధ్య తిరుగుతూ మూడు నాలుగు చోట్ల కనిపించిన ఒక తప్పును, పేరు చెప్పకుండా, నల్లబల్ల మీద రాసి మాట్లాడండి. కొత్త పాఠం చెప్పిన మొదటి రోజున మాత్రం ఈ పని వద్దు. ఆ రోజు ఎవరికీ కొలత ఉండదు.

భాష సంగతి మీరు అడగలేదు, కానీ మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముందు కనిపించింది అదే. మీ పిల్లలు పరీక్ష ఒడియాలో రాయాలి. సరే. కానీ స్నేహితురాలి జవాబులో ఏం లోపించిందో చెప్పాలంటే మనసులోని మాట ఇంటి భాషలోనే ముందు వస్తుంది. ఒడియాలోనే చెప్పమంటే "ఠిక్ అఛి" అని ఊరుకుంటారు, ఎందుకంటే ఆ భాషలో వాళ్లకు గబుక్కున దొరికేది ఆ మాటే. చూసి చెప్పే ఆ నాలుగు నిమిషాలు ఏ భాషలోనైనా మాట్లాడుకోనివ్వండి. సరిచేసి రాసేది ఒడియాలో ఉంటే చాలు. గోడ మీద "ఎందుకు" అని రాసి పక్కన ఒడియాలో "కాహింకి" అని రాయండి. మూడో మాట సవర పిల్లలను అడిగి, వాళ్లు ఎలా పలికితే అలా రాయండి. ఆ అమ్మాయిని మొదట ఇంకో సవర పిల్లతోనే జత కట్టండి, కొన్ని వారాల పాటు.

మీరున్న జిల్లాలో ఈ మాట కొత్తది కూడా కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి బడిలో పంతులుగా చేరారు. చుట్టుపక్కల సవరల మాట విని, తెలుగు తెలిసిన ఒక సవరను పెట్టుకొని ఆ భాష నేర్చుకున్నారు. వాళ్ల భాషలోనే పుస్తకాలు తయారుచేసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టి చదువు చెప్పించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ముఖలింగం గుడిలోని శాసనాల లిపిని కూడా ఎవరూ నేర్పకుండానే, శాసనాన్ని శాసనంతో పోల్చుకుంటూ చదవడం నేర్చుకున్నారు. బి.ఏ. కూడా ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా కట్టినదే. పర్లాకిమిడి పిల్లలకు ఆయన్ను వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా పరిచయం చేస్తాం. తన తప్పును తాను పట్టుకుంటూ నేర్చుకున్న మనిషిగా కూడా చెప్పండి. ఒక పీరియడు పోతే పోయింది.

మార్కులు లేకపోతే తల్లిదండ్రులు ఊరుకోరని, ప్రధానోపాధ్యాయులు అడుగుతారని మీకు సందేహం రావచ్చు. యూనిట్ పరీక్షల మార్కులు, అర్ధవార్షిక పరీక్షల మార్కులు మీరు వేస్తూనే ఉంటారు, అవి ఎక్కడికీ పోవు. రోజువారీ పుస్తకంలో అంకె వద్దంటున్నాను. 1988లో ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు పిల్లలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు మార్కులు మాత్రమే, ఒక గుంపుకు వ్యాఖ్యలు మాత్రమే, మూడో గుంపుకు రెండూ ఇచ్చారు. తరువాతి పనిలో మెరుగుపడింది వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవారు. రెండూ అందుకున్నవారిలో ఆ మేలు కనిపించలేదు. మార్కు పక్కన ఉంటే పిల్లల చూపు మార్కు మీదే ఆగిపోతుందని మన అనుభవం కూడా చెబుతుంది కదా. ప్రధానోపాధ్యాయులకు చూపించడానికి కాగితం కావాలంటే 2020 జాతీయ విద్యా విధానం చూపండి. అందులో పిల్లల ప్రగతి పత్రంలో టీచరు మదింపుతో పాటు స్వీయ మదింపు, తోటివారి మదింపు కూడా ఉండాలని స్పష్టంగా ఉంది.

"మన పిల్లలతో అయ్యే పని కాదు" అన్న మాట నాకు చాలా బాధ కలిగించింది. 1998లో ఇంగ్లండుకు చెందిన పాల్ బ్లాక్, డిలన్ విలియం అనే ఇద్దరు 250 దాకా పరిశోధనలను ఒకచోట చేర్చి చదివారు. బోధన మధ్యలోనే మదింపు చేసి, దాన్ని బట్టి పిల్లలు సరిచేసుకునేలా చేస్తే ఎక్కువ లాభపడేది వెనకబడ్డారని మనం అనుకునే పిల్లలేనని వారు రాశారు. బాగా చదివే పిల్లకు కొలత ఇంటి దగ్గరో, ట్యూషన్‌లోనో ఎలాగో అందుతుంది. కొండ దిగి వచ్చే పిల్లకు అది బడిలోనే అందాలి. ఆ మాట అన్నవారితో వాదించకండి. దసరా సెలవుల తరువాత మీ తరగతికి ఒక్క రోజు వచ్చి చూడమనండి.

42 పుస్తకాలు రోజూ దిద్దడం మానేయండి. రోజుకు పది పుస్తకాలు చాలు, కానీ ఆ పదింటిలో పిల్ల తాను సరిచేసుకున్న వరుసను చూసి, దాని గురించి ఒక్క వాక్యం రాయండి. పిల్లల చేత కూడా వారానికొకసారి, శనివారం, పుస్తకం చివరి పేజీలో రెండు వాక్యాలు రాయించండి: ఈ వారం నేను సొంతంగా పట్టుకున్న తప్పు ఏది, ఇంకా నాకు అర్థం కానిది ఏది. ఇంటి భాషలో రాసినా ఒప్పుకోండి. మొదట్లో "ఏమీ లేదు" అనే రాస్తారు. మా పిల్లలు ఐదారు వారాలు అలాగే రాశారు. ఆరో వారమో ఏడో వారమో ఒక అబ్బాయి, "భిన్నాల్లో కింది సంఖ్యలు కూడా కూడేస్తున్నాను, ముగ్గురికి చెప్పాను, ఇంకా అదే చేస్తున్నాను" అని రాశాడు. ఆ పుస్తకం పట్టుకొని స్టాఫ్ గదికి పరుగెత్తి చూపించాను. తన తప్పు పేరు ఏమిటో ఆ పిల్లవాడికి తెలిసింది. అది తెలిశాక నాకు పని చాలా తేలికైంది.

ఎన్నాళ్లు పడుతుందని మీరు ఎలాగూ అడుగుతారు. నాకు దసరా నుంచి ఉగాది దాకా పట్టింది, అదీ ఒకే తరగతిలో, ఒకే సబ్జెక్టులో. మీరు సామాన్యశాస్త్రంతో మొదలుపెట్టండి, వారానికి రెండు రోజులు, గణితంలో జవాబును లెక్కలో పెట్టి చూసుకునే నియమం ఒక్కటే. పని జరుగుతోందని తెలియడానికి మార్కులు చూడకండి, మీ బల్ల దగ్గరి మాట వినండి. వరుస పూర్తిగా పోదు, పోకూడదు కూడా. వచ్చిన పిల్ల "గురుమా, ఇది సరేనా?" అని పుస్తకం చాచడం తగ్గి, "గురుమా, ఇక్కడిదాకా సరిపోయింది, నాలుగో వరుస దగ్గర రెండు వైపులా కలవడం లేదు" అని వేలు పెట్టి చూపించడం మొదలవుతుంది. ఆ అమ్మాయి అలా వచ్చిన రోజున, ఏ భాషలో అడిగిందో కూడా నాకు రాయండి.